మనవాడు హెచ్చారు: టీకా తాత్పర్య సహితం

అవతారిక: డిగ్రీ గట్టెక్కింది. ఐసెట్‌లో ఏదో ఒక ర్యాంకు వచ్చింది. యూనివర్సిటీలో ఎంబీఏ మొదటి ఏడూ గడిచింది. ఇంతలో ఆఫీసు గుమస్తా ఒక ఫారం చేతికిచ్చి, ఫైనాన్స్, మార్కెటింగ్, హెచ్ఆర్ అనే వాటిలో ఒకదానికి టిక్కు పెట్టి ఇమ్మన్నాడు. అట్టి సంకట సమయమున నాయకుని చిత్తవృత్తిని కవి ఇట్లు వర్ణించుచున్నాడు.

ఆ.వె.
లెక్క రాదు కాన లేడు ఫైనాన్సులో
మాట రాదు కాన మార్కెటింగు
మానె; చేరె తుదకు మనవాడు హెచ్చారు
మనిషి సులువటంచు మదిని దలచి

ప్రతిపదార్థం: లెక్క రాదు కాన = బ్యాలెన్స్ షీటు రెండు వైపులా ఒక్కనాడూ ఒకే మొత్తం రానందువల్ల; ఫైనాన్సులో లేడు = ఆ తరగతి గది ఛాయలకు పోడు; మాట రాదు కాన = అక్కర్లేని సరుకును అంటగట్టే నేర్పు లేనందువల్ల; మార్కెటింగు మానె = టార్గెట్ల వెంట ఎండన పడి తిరుగు యోగమును వదులుకొనెను; తుదకు = ఫారం ఇవ్వవలసిన ఆఖరి రోజు సాయంత్రం; మనవాడు = ఇంట్లో మన అబ్బాయి, క్లాసులో మన బ్యాచ్ వాడు, రేపు కంపెనీలో ఎవరివాడో ఇంకా తేలనివాడు; హెచ్చారు చేరె = మానవ వనరుల నిర్వహణ అనెడి శాస్త్రమును ఆశ్రయించెను; మనిషి సులువు అటంచు = పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే కదా, దీనికి పుస్తకమెందుకని; మదిని దలచి = సీనియర్లనైనా అడగకుండా నిశ్చయించుకొని.

తాత్పర్యం: రెండు కష్టాలకు జడిసి మనవాడు మూడో దానిలో దూకాడు. దాని లోతు వానికి తెలియదని భావం.

పాఠాంతరం: యూనివర్సిటీ గేటు ఎదుటి జెరాక్సు షాపు ప్రతిలో నాలుగో పాదం ‘మార్కు సులువటంచు’ అని ఉన్నది. యతి చెడలేదు, గణమూ చెడలేదు, లోకానుభవమూ ఒప్పుతుంది. అయినను ఇది పరీక్ష ముందు రాత్రి ఎవరో చేసిన దిద్దుబాటని పండితుల అనుమానం.

విశేషాలు: ‘లెక్క రాదు కాన’ అన్నచోట కవి నవ్వుకుంటున్నాడు. లెక్క తప్పించుకొన్నానని మురిసినవానికి గ్రాట్యుటీ ఎదురైంది. ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం. అయితే నెలకు 30 రోజులు కాదు, ఆదివారాలు తీసేసి 26 అని లెక్కించవలె. నెలకు 26,000 రూపాయల జీతం మీద 20 ఏళ్ల 7 నెలలు పనిచేసి రిటైరైన ఫిట్టరును తీసుకొందాం. ఆరు నెలలు దాటాయి గనుక 21 ఏళ్లు. ఏడాదికి 15,000 చొప్పున 3,15,000 రావాలి. మనవాడు అలవాటుగా 30తో భాగించి 2,73,000 అని తేల్చాడు. ఫైనాన్సులో లెక్క తప్పితే మార్కు పోతుంది. ఇక్కడ తప్పితే ఒక ఇంటిలో 42,000 పోతాయి.

చట్టాల సంగతి వేరే చెప్పనక్కర లేదు. 29 పాత కార్మిక చట్టాలను కలిపి నాలుగు కోడ్‌లుగా కట్టి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి తెచ్చారు. దీనివలన నష్టపోయినవారిలో సీనియర్ల నోట్సు కొనుక్కున్నవారు ముఖ్యులు.

‘మాట రాదు కాన’ అనునది రెండో అపశ్రుతి. పారిశ్రామిక సంబంధాల పేపరులో ‘గిరి అప్రోచ్’ అని ఒక ప్రశ్న తరచు వస్తుంది. ఆ గిరి మన వి.వి.గిరిగారే. పుట్టింది బరంపురంలో. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయి, బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా ఇచ్చారు. పైనుంచి రుద్దిన తీర్పుకన్న యాజమాన్యమూ యూనియనూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మేలని ఆయన మతం. ఆ కూర్చున్నచోట మాట రానివాడు ఏం చేయునని కవి ప్రశ్న. సబ్బు అమ్మేవాడికి ఒప్పుకోని గిరాకీ ఇంకో కొట్టుకు పోతాడు. జీతం పెరగదని చెప్పించుకున్నవాడు రేపు ఉదయం షిఫ్టుకే మళ్లీ ఎదురవుతాడు.

‘మనవాడు’ అను పదమున శ్లేష గలదు. కోడ్‌లు రాకముందు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం 500 మందికి తగ్గకుండా కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమాధికారిని పెట్టవలసి ఉండేది. కార్మికుల బాగు చూడటం ఆయన పని, జీతమిచ్చేది యాజమాన్యం. యాజమాన్యం ఆయనను కార్మికుల మనిషి అనుకుంటుంది, కార్మికులు యాజమాన్యం మనిషి అనుకుంటారు. ‘మనవాడు’ అని నిస్సంకోచంగా అనేది కన్నతల్లి ఒక్కతే.

‘మనిషి సులువటంచు’ అనునది పద్యమునకు ప్రాణం. సిలబసు మొత్తం ఈ మాటకు ఖండనమే. షికాగో పక్కన వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924లో దీపాల వెలుతురు మార్చి పని కొలవడం మొదలుపెట్టారు. వెలుతురు పెంచితే పని పెరిగింది, తగ్గించినా పెరిగింది అని మన పాఠం. తర్వాత తీగలు అమర్చే గదిలో చూస్తే, ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బులిస్తామన్నా అక్కడివాళ్లు తమలో తాము ఒక హద్దు పెట్టుకుని అంతకుమించి చేయలేదు. మనస్తత్వవేత్త మాస్లో 1943లో ఒక వ్యాసంలో మనిషి అవసరాల వరుస రాశాడు. ఆ వ్యాసంలో త్రిభుజం లేదు. మనవాళ్లు మాత్రం స్కేలుతో త్రిభుజం గీసి, అయిదు గదులు చేసి, మనిషిని అందులో కూర్చోబెట్టి పది మార్కులు తెచ్చుకుంటారు.

ఆ మనిషి ప్రాజెక్టు రోజుల్లో గదిలోంచి బయటికి వస్తాడు. అంశం ‘ఉద్యోగ సంతృప్తి’. శాంపిలు నూరుగురు, శాతాలకు కాలిక్యులేటరు అక్కరలేదు గనుక. షిఫ్టు దిగిన కార్మికుడు బస్సు పోతుందేమోనని నిలబడే అన్ని గళ్లలోనూ ‘ఏకీభవిస్తాను’ అని నిలువుగా టిక్కులు కొట్టుకుంటూ పోయాడు. ‘మీ సూపర్‌వైజరు మీ మాట వింటారా’ అన్నచోట పెన్ను ఆగింది. ‘బాబూ, ఇది ఆఫీసులో చూపిస్తారా?’ అన్నాడు. చూపించనని చెప్పాక ఆ గడి ఖాళీగా వదిలి కాగితం ఇచ్చేశాడు. హాస్టలు మంచం మీద కూర్చుని మనవాడు ఆ ఖాళీలోనూ ‘ఏకీభవిస్తాను’ అని తానే పెట్టాడు. నూటికి నూరు శాతం సంతృప్తి.

పూర్వపక్షం: ఇంత చదివి చేసేది సెలవు చీటీలు చూడటం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టడమే కదా? సమాధానం: సెలవు అడిగినవాని తల్లి నిజంగా ఆసుపత్రిలో ఉందా, వాడు వేరేచోట ఇంటర్వ్యూకి పోతున్నాడా, పోతుంటే ఎందుకు పోతున్నాడు అనే మూడు ప్రశ్నలూ ఆ చీటీలోనే ఉన్నవి. చదవడం రానివానికి అది ఒట్టి చీటీ.

అలంకారం: రెండుసార్లు ‘కాన’ అని హేతువు చూపినందున కావ్యలింగమని కొందరు. మూడో హేతువు భ్రమ గనుక భ్రాంతిమంతమని మా మతం.

ఫలశ్రుతి: ఈ పద్యమును సెమిస్టరుకొకమారు పఠించినవారికి పాస్ మార్కులు కలుగును. అర్థము తెలిసి పఠించినవాడు ఉద్యోగంలో చేరి, ఖాళీ గడి చూసినప్పుడెల్లా ఎందుకు ఖాళీ అని అడుగును. ఇట్టివానిని కంపెనీలవారు ఎక్కువ కాలం భరింపరని కొందరు. ఇట్టివాడు లేనిచోట సమ్మె తథ్యమని సిద్ధాంతం.