నాగాయలంక నీలం ఫైలు

ఈ ఫైలు నీలం రంగు ప్లాస్టిక్‌ది. అవనిగడ్డలో ఏ పుస్తకాల కొట్లో అడిగినా ఇచ్చే మామూలు సరుకు. ఇప్పుడు తన కథ తానే చెప్పుకుంటోంది కాబట్టి ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. దీన్ని కొనేనాటికే ఆలస్యమైపోయింది. అంతకు ముందు ఏడాదిన్నర కాగితాలు ఇందులో లేవు. కొన్ని బీరువా మీద వానకు తడిసిపోయాయి, కొన్ని ఏ మందుల సంచీలోనో ఉండిపోయాయి. పెద్ద డాక్టర్లు తర్వాత అడిగింది సరిగ్గా ఆ కాగితాలే.

ఫైలులో పేరున్న మనిషి నాగాయలంక మండలంలో ఒక కౌలు రైతు. 2024 నాటికి 46 ఏళ్లు. కళ్లు పచ్చబడితే దివిసీమలో ఇప్పటికీ చాలా ఇళ్లలో ముందు పసరు మందే. ఆయనా పసరు తాగాడు, ఉప్పూకారం మానేసి పథ్యం చేశాడు, కామెర్లు తగ్గాయి. హెపటైటిస్-ఎ లాంటి కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. ఆయనకున్నది హెపటైటిస్-బి. పైకి తగ్గినట్టు కనిపించి లోపల కాలేయాన్ని గట్టిపరుస్తూనే ఉంది. దానికి తోడు సాయంత్రాలు మందు అలవాటు. మొదట కాళ్ల వాపు, తర్వాత పొట్టలో నీరు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నీరు పోవడానికి మాత్రలిచ్చారు, పోయింది, మళ్లీ వచ్చింది. ఒక రాత్రి రక్తపు వాంతి అయింది.

ఫైలులో మొదటి కాగితం బందరు సర్వజన ఆసుపత్రిది. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, అంటే ఒంట్లో హెపటైటిస్-బి వైరస్ ఉంది. స్కానింగులో కాలేయం కుంచించుకుపోయి గరుకుగా ఉంది, ప్లీహం పెరిగింది, పొట్ట నిండా నీరు. సిరోసిస్. 2023 సెప్టెంబరులో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైన ఊరు కాబట్టి ఆ రాత్రికి ప్రాణం నిలబెట్టగలిగారు. కానీ కాలేయ మార్పిడి చేసే ఆసుపత్రి బందరులో లేదు, గుడివాడలో లేదు. దివిసీమ సంగతి చెప్పనక్కర్లేదు.

నిజానికి ఈ జబ్బును ముందే ఆపే దారి ఉంది. హైదరాబాద్‌లో వరప్రసాదరెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. అప్పటికి మన కౌలు రైతుకు పంతొమ్మిదేళ్లు. ఇప్పుడు పుట్టిన 24 గంటల్లోపే బిడ్డకు వేస్తున్న టీకా అదే జబ్బుకు. పెద్దవాళ్లకు మాత్రం ఎవరో ఒకరు చెబితే తప్ప అది తట్టదు. ఈ ఫైలుకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే. కొన్ని వందల రూపాయలతో ఆగే జబ్బు లక్షల్లోకి వచ్చింది.

విజయవాడలో లివర్ డాక్టరు ఫైలు తిరగేసి మూడు అంకెల కింద గీత గీశారు. కామెర్ల తీవ్రత చెప్పే బిలిరుబిన్ 6, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్ 2, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2. వాటిని కలిపి లెక్క కడితే మెల్డ్ స్కోరు 23. ఈ స్కోరు 6 నుంచి 40 వరకు ఉంటుంది. ఎంత పెరిగితే రాబోయే మూడు నెలల్లో ప్రాణానికి అంత ముప్పు. సాధారణంగా 15 దాటాక మార్పిడి వల్ల ముప్పు కన్నా మేలు ఎక్కువ. మరీ తక్కువ స్కోరులో ఆపరేషనే అనవసరపు ప్రమాదం. కిడ్నీలు పోయి, ఇన్‌ఫెక్షన్ ఒళ్లంతా పాకాక వస్తే కొత్త కాలేయం పెట్టినా నిలవడం కష్టం. మధ్యలో ఉన్న కొద్ది నెలలే రోగికి దక్కే సమయం.

ఓపీలో టేబుల్ మీద దొంతరగా పెట్టినప్పుడు ఈ ఫైలుకు పక్క ఫైళ్లతో పరిచయమైంది. గుడివాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు గుండె బలహీనంగా ఉంది, పన్నెండు గంటల ఆపరేషన్‌కు తట్టుకోదన్నారు. వయసు ఒక్కటే అయితే అడ్డు చెప్పేవాళ్లు కాదు. బందరు నుంచి వచ్చిన ఇంకో ఫైలులో కాలేయంలో పెద్ద గడ్డ, అది రక్తనాళంలోకి కూడా పాకింది. కాలేయ క్యాన్సర్‌కు మార్పిడి చేయాలంటే 1996లో ఇటలీలోని మిలాన్ వైద్యులు పెట్టిన కొలత ఇప్పటికీ పునాది: ఒక్క గడ్డ ఉంటే 5 సెంటీమీటర్లు దాటకూడదు, మూడు వరకు ఉంటే ఒక్కోటీ 3 సెంటీమీటర్లు మించకూడదు, రక్తనాళంలోకి పాకకూడదు. ఆ ఫైలును వేరే వైద్యానికి పంపారు. మరో ఫైలు పలచగా, కొత్తగా ఉంది. ఇంట్లో గొడవపడి, చేలో ఎలుకల కోసం తెచ్చిన పేస్టు తినేసిన ఒక అమ్మాయిది. ఆ పేస్టులోని పసుపు భాస్వరం మంచి కాలేయాన్ని కూడా కొద్ది రోజుల్లో చంపేస్తుంది. మొదటి రోజు అమ్మాయి బాగానే కనిపిస్తుంది, అందుకే ఇంటివాళ్లు మోసపోతారు. అలాంటి కేసులో వారాలు కాదు, గంటలు లెక్క. పుట్టుకతో పిత్తనాళాలు మూసుకుపోయిన పసిపిల్లల ఫైళ్లు కూడా ఆ దొంతరలో ఉంటాయి. 1998లో ఢిల్లీ అపోలోలో దేశంలో తొలి విజయవంతమైన కాలేయ మార్పిడి జరిగింది అలాంటి బిడ్డకే. కాంచీపురం నుంచి వచ్చిన ఆ 20 నెలల బాబుకు తండ్రి తన కాలేయంలో ముక్క ఇచ్చాడు. ఆ బాబు పెరిగి డాక్టరయ్యాడు.

మన కౌలు రైతు సంగతి వచ్చేసరికి డాక్టరు రెండు షరతులు పెట్టారు. మందు పూర్తిగా మానాలి, ఆ మాటకు ఇంట్లోవాళ్లు కూడా సాక్ష్యం చెప్పాలి. చాలా ఆసుపత్రులు ఆరు నెలలు మానితేనే అనేవి, ఇప్పుడు రోగి పరిస్థితి చూసి కొంత సడలిస్తున్నారు. రెండోది, వైరస్ తగ్గడానికి రోజూ మాత్ర. అది జీవితాంతం.

“ఎంతవుద్దండీ?” అని ఆయన భార్య అడిగింది.

సమాధానం ఒక అంకె కాదు. దగ్గరివాళ్లు కాలేయం ఇచ్చే పక్షంలో ప్రైవేటులో సుమారు 20 నుంచి 30 లక్షలు. అందులో ఇద్దరి ఆపరేషన్, ఐసీయూ, రెండు మూడు వారాల గది ఉంటాయి. దాతకు, రోగికి ముందు చేసే పరీక్షలు చాలాచోట్ల విడిగా లక్ష పైమాట. అనుకున్న రోజుల కన్నా ఎక్కువ ఉంటే అదీ విడి. ఆసుపత్రి దగ్గర రెండు మూడు నెలలు గది అద్దె, మనిషి తోడు, వారం వారం రక్త పరీక్షలు. మొదటి ఏడాది మందులకు నెలకు 15 వేలకు తక్కువ పెట్టుకోకూడదు, తర్వాత తగ్గుతాయి కానీ ఆగవు. ఈ వివరాలన్నీ ఒక తెల్ల కాగితం మీద రాయించుకుని ఫైలులో పెట్టుకుంది ఆవిడ. ప్యాకేజీలో ఏముంది అని అందరూ అడుగుతారు, ఏం లేదో అడిగి రాయించుకున్నది ఆమె. ఫైలు దృష్టిలో ఆ కాగితం స్కానింగు రిపోర్టంత విలువైనది.

డబ్బు ఒక్క దారిన రాలేదు. ఆరోగ్యమిత్ర దగ్గర ప్రభుత్వ పథకంలో ఎంత వస్తుందో విచారించారు. ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టారు. ఎల్‌ఓసీ, అంటే ఆ నిధి నుంచి ఆసుపత్రికి ముందుగా ఇచ్చే చెల్లింపు హామీ లేఖ, రావాలంటే ఆపరేషన్‌కు ముందే ఆసుపత్రి ఎస్టిమేట్‌తో అర్జీ చేరాలి. గుడివాడలో ఆమె అన్నయ్య తన స్థలం కాగితాలు తాకట్టు పెట్టాడు. హైదరాబాద్‌లో ఉస్మానియా, నిమ్స్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఈ మార్పిడులు జరిగాయని డాక్టరే చెప్పారు. అక్కడిదాకా వెళ్లి ఎదురుచూసే వ్యవధి ఉందా లేదా అన్నది స్కోరు మీద ఆధారపడింది.

కాలేయం ఎవరిస్తారు? తమ్ముడు ముందుకొచ్చాడు, పరీక్షలో అతనికీ హెపటైటిస్-బి. ఒకే తల్లి బిడ్డలకు ఇది ఉండటం మామూలే. అతనికి మాత్రం తొలిదశలోనే మందు మొదలైంది, ఆ రకంగా ఈ ఫైలు ఇంకొకరికి కూడా అక్కరకొచ్చింది. మిగిలింది భార్య. ఆయనది బి పాజిటివ్, ఆమెది ఓ పాజిటివ్, రక్తం సరిపోతుంది. స్కానులో ఆమె కాలేయంలో కొవ్వు ఉందని తేలింది. అలాంటి ముక్క పెడితే ఇద్దరికీ ప్రమాదం. “తగ్గితేనే, అమ్మా” అన్నారు డాక్టరు.

ఆమె తెల్లారక ముందే కృష్ణా కరకట్ట మీద నడవడం మొదలుపెట్టింది. రాత్రి అన్నం మానేసింది. రెండు నెలల్లో 71 కిలోల నుంచి 64కి వచ్చింది. రెండో స్కాను ఈ ఫైలులో మొదటి దాని పక్కనే ఉంది. కొవ్వు దాదాపు పోయింది. కాలేయం మొత్తం 1,080 గ్రాములు, కుడి భాగం 680. ఆమెకు 37 శాతం మిగులుతుంది, కనీసం 30 ఉండాలి. రోగి బరువులో 0.8 శాతం ముక్క అందాలి, 62 కిలోల మనిషికి 680 గ్రాములు ధారాళంగా సరిపోతుంది. మన దేశంలో బతికుండగా అవయవం ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆమెను మెచ్చుకుంటూనే, ఆ భారం ఎప్పుడూ ఒకవైపే ఎందుకు ఒరుగుతోందో ప్రతి ఇల్లూ ఆలోచించాలి. దాతకు కూడా ముప్పు ఉంది. వెయ్యిలో ఒకరి నుంచి ఐదుగురి దాకా ప్రాణం పోవచ్చని డాక్టరు దాచకుండా చెప్పి సంతకం తీసుకున్నారు. భార్యాభర్తలేనన్న రుజువుకు పెళ్లి ఫొటో, రేషన్ కార్డు, ఆధార్ కూడా ఫైలులో చేరాయి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం డబ్బుకు అవయవం అమ్మడాన్ని నేరం చేసింది కాబట్టి ఈ విచారణ తప్పదు.

ఈలోగా జీవన్‌దాన్‌లో కూడా పేరు నమోదు చేశారు. విజయవాడలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నుంచి నడిచే ఆ పథకం బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాలను వరుస ప్రకారం కేటాయిస్తుంది. నలుగురు వైద్యుల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి ధ్రువీకరిస్తేనే, కుటుంబం ఒప్పుకుంటేనే తీస్తారు. 2023లో దేశమంతటా 18,378 అవయవ మార్పిడులు జరిగాయి, అందులో కాలేయాలు 4,491. వాటిలో చాలా ఎక్కువ భాగం బతికున్న దాతలవే. రోడ్డు ప్రమాదాలకు మన దగ్గర కొదవ లేదు, దానాలకే కొదవ. పిలుపు రాలేదు.

ఆపరేషన్ రోజు ఫైలు లోపలికి వెళ్లలేదు. జరిగింది తర్వాత చేరిన నోట్సు వల్ల తెలిసింది. పక్కపక్క థియేటర్లు. ఆమె కాలేయాన్ని అల్ట్రాసౌండ్ పరికరంతో రక్తనాళాలు తెగకుండా మెల్లగా విడదీశారు. పిత్తాశయం తీసేశారు. ఆ ముక్కను చల్లటి ద్రావణంతో కడిగి పక్క థియేటరుకు తెచ్చే సమయానికి ఆయన పాత కాలేయం బయటికొచ్చింది. సిరలు, పోర్టల్ నాళం, సన్నటి ధమని, చివర పిత్తనాళం, ఒక్కోటీ కుట్టారు. రక్తం వదలగానే ముక్క రంగు తిరిగింది, కొద్దిసేపటికి పైత్యరసం కారింది. 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జ్ల్ తొలి ప్రయత్నం చేసినప్పుడు రోగి ఆపరేషన్ బల్ల మీదే చనిపోయాడు. 1989లో బ్రిస్బేన్‌లో ఒక తల్లి కాలేయం ముక్క బిడ్డలో నిలిచింది. ఆ అనుభవాలన్నీ కలిస్తేనే ఈ నాలుగు కుట్లు.

రెండు మూడు నెలల్లో ఇద్దరిలోనూ కాలేయం ఇంచుమించు పూర్తి పరిమాణానికి పెరిగింది. కానీ నాలుగో నెలలో ఆయనకు మళ్లీ కళ్లు పచ్చబడ్డాయి. కుట్టిన చోట పిత్తనాళం సన్నబడింది, ఎండోస్కోపీతో స్టెంటు వేశారు. బతికున్న దాత కాలేయంలో ఇది తరచూ వచ్చే చిక్కే. ఖర్చు మాత్రం ప్యాకేజీలో లేనిది. ఇప్పుడు రోజూ రెండు పూటలా టాక్రోలిమస్ మాత్ర. 1984లో జపాన్‌లోని త్సుకుబా ప్రాంతపు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు అది. మాత్రలు మరుస్తూ పోతే శరీరం కొత్త కాలేయాన్ని పరాయిదిగా చూడటం మొదలుపెట్టవచ్చు. మోతాదు సరిపోయిందో లేదో రక్తం చూసి చెబుతారు. చేలో బురద పనికి ఇంకా పంపడం లేదు. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద కాలేయ మార్పిడి చేయించుకున్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. దాని కోసం మెడికల్ సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టారు, ఆ జిరాక్సు కాపీ ఫైలులో చివరి కాగితం.

కృష్ణా డెల్టాలో ఈ కథ చదివే వారికి ఈ ఫైలు విన్నపం ఒకటే. ఇంట్లో ఎవరికైనా పొట్టలో నీరు మొదటిసారి చేరితే, రక్తపు వాంతి దాకా ఆగకుండా ఆ నెలలోనే లివర్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఉన్న కాగితాలన్నీ తీసుకెళ్లి, మెల్డ్ స్కోరు ఎంత, మార్పిడికి పనికొస్తారా అని మీరే అడగండి. తోబుట్టువులకు హెపటైటిస్-బి పరీక్ష చేయించండి, లేనివాళ్లకు టీకా వేయించండి.