మామ్మ కంటి నీరు: ఒక కన్నీటి గ్రంథి ఆత్మకథ

నేను ఏడుపు కోసమే పుట్టానని లోకం నమ్మకం. కోనసీమ పల్లెలో ఒక మామ్మగారి కుడి కంటికి పైన, బయటి మూలగా, నుదుటి ఎముక లోపలి గుంటలో ఉంటాను. బాదంగింజ ఆకారం, ఇంచుమించు 2 సెంటీమీటర్ల పొడుగు. ఎడమ కంటి మీద నా తోబుట్టువు ఉంది. మామ్మ ఏడ్చిన రోజులు నేనెరుగుదును. తాతగారు పోయిన పూట ఇద్దరం ఆగకుండా నీరిచ్చాం. కానీ నా బతుకంతా అది కాదు. ఆవిడ నవ్వుతున్నా, బియ్యం ఏరుతున్నా, పేపరు చదువుతున్నా కంటికి తడి అందాల్సిందే. రెప్పల లోపలి చిన్న గ్రంథులూ నేనూ కలిసి నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్ల నీరు వదులుతూ ఉంటాం. మామూలు నీటిచుక్క ఒక్కటి నిండాలంటే 50 మైక్రోలీటర్ల దాకా కావాలి. అంత కొంచెం కాబట్టే ఎవరి కంటా పడదు. రెప్ప వాల్చినప్పుడల్లా ఆ నీరు కంటి మీద పరుచుకుంటుంది. ఆరిపోకుండా రెప్పల అంచున ఉన్న గ్రంథులు దాని మీద పల్చటి నూనె పొర వేస్తాయి.

ఈ పని పదిమందికీ కనబడేది మామ్మ దిష్టి తీసేటప్పుడు.

వీధిలో ఏ పసిబిడ్డ పాలు తాగకపోయినా, ఊరికే గుక్కపట్టినా ఆవిడకే కబురు. గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండు మిరపకాయలు పట్టుకుని బిడ్డ చుట్టూ తిప్పుతుంది. తిప్పుతుండగానే ఒక ఆవులింత, దాని వెంట మరొకటి, కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. "చూశారా మామ్మగారూ, ఎంత దిష్టి తగిలిందో!" అంటుంది బిడ్డ తల్లి. మామ్మ పైటచెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ తలూపుతుంది. ఆ తర్వాత మిరపకాయలు పొయ్యిలో వేస్తే వచ్చే నీరు వేరు. ఘాటు కంటికి తగిలి, ఆ కబురు నాడుల గుండా మెదడుకు చేరి, అక్కణ్ణుంచి నాకు ఆజ్ఞ వస్తే ఊరే నీరు అది. ఆవులింత నీటికి ముఖ్య కారణం వట్టి ఒత్తిడి.

ఆవులింత నేనున్న చోటి నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. దవడ కిందికి జారుతుంది, బుగ్గలు పైకి లేస్తాయి, కంటి చుట్టూ ఉన్న కండరం బిగుసుకుని రెప్పలను నొక్కి మూసేస్తుంది. ఆ బిగువు నా మీదా పడి, సిద్ధంగా ఉన్న నీరు బయటికి వస్తుంది. కింది రెప్ప అంచున నిలిచిన నీరూ కదులుతుంది. సరిగ్గా అప్పుడే రెండో వైపు దారి మూసుకుంటుంది. ముక్కు పక్క మూలన పైరెప్పకూ కింది రెప్పకూ అంచు మీద చెరొక సన్నని రంధ్రం ఉంది. వాడిన నీరు రోజంతా వాటిలోంచి పోయి, ముక్కు పక్కనున్న సంచిలో చేరి, అక్కణ్ణుంచి గొట్టం గుండా ముక్కులోకి దిగుతుంది. ఏడ్చినవాళ్ళు ముక్కు చీదేది అందుకే. రెప్పలు గట్టిగా బిగిస్తే ఆ రెండు రంధ్రాలూ ఒకదానికొకటి ఒత్తుకుపోతాయి. ఆ కొద్ది సెకన్లూ నీటికి బుగ్గ తప్ప వేరే దారి లేదు.

అందరికీ ఇలా కారదు. ముఖం బిగించకుండా ఆవులించేవాళ్ళకు కంటి అంచు తడిసి ఊరుకుంటుంది. మామ్మకు వయసుతో కింది రెప్ప వదులై, దాని రంధ్రం కంటికి సరిగ్గా ఆనడం లేదు. అందువల్ల ఈమధ్య మరీ ఎక్కువ.

మరి దిష్టి తీసేటప్పుడే ఆవులింతలెందుకు? ఆవిడ ఆ పని చేసేది పొద్దుగూకాక, ఒళ్ళు అలసి ఉన్నప్పుడు. పైగా ఆవులింత వస్తుందని ముందే ఎదురుచూస్తుంది. ఆవులింతను తలుచుకుంటే చాలు, అది వచ్చేస్తుంది. ఆవిడను చూసి బిడ్డ తల్లీ ఆవులిస్తుంది. ఒళ్ళో బిడ్డకు మాత్రం అంటుకోదు. తల్లి కడుపులోనే ఆవులించడం నేర్చిన బిడ్డకైనా, ఎదుటివాళ్ళ ఆవులింత అంటేది దాదాపు నాలుగైదేళ్ళు వచ్చాకే. ఒంట్లో ప్రాణవాయువు తగ్గితే ఆవులింత వస్తుందని చదువుకున్నవాళ్ళు కూడా అంటారు. కానీ అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ పరిశోధక బృందం 1987లో విద్యార్థుల చేత స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించి చూసింది, ఆవులింతలు తగ్గలేదు. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కలిపిన గాలి ఇచ్చినా పెరగలేదు.

బిడ్డ బాగుండాలని మామ్మ పడే ఆరాటం నిజం. ఆ ఆరాటమంటే నాకు గౌరవం. నా బాధల్లా, బిడ్డను పట్టిన చెడు అంతా ఆ నీళ్ళలో పోతోందని ఆవిడ వాటిని విదిలించడం. చెడు నీరు కాదది. 1922లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రికి చెందిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ లైసోజైమ్ గురించి లోకానికి చెప్పాడు. కొన్ని రకాల బాక్టీరియా గోడలను కరిగించి చంపే పదార్థం అది. దాన్ని పరీక్షించడానికి తోటివాళ్ళ కళ్ళలో నిమ్మతొక్క రసం పిండి మరీ కన్నీళ్ళు పోగుచేశాడు. పెన్సిలిన్ ఆయన కంటబడింది ఆ తర్వాత, 1928లో. ఆ లైసోజైమ్ నేనిచ్చే ప్రతి బొట్టులోనూ ఉంది, ఏడుపు బొట్టయినా, ఆవులింత బొట్టయినా.

మొన్న మామ్మను శుక్లాల ఆపరేషన్‌కు రాసినప్పుడు, ముందుగా రెప్ప అంచున ఉన్న ఆ రంధ్రంలోకి మొద్దు సూదితో ఉప్పునీరు ఎక్కించి చూశారు.

"గొంతులోకి వచ్చిందా మామ్మగారూ?"

"వచ్చింది బాబూ, ఉప్పగా ఉంది."

దారి బాగానే ఉందని తేలింది. అది మూసుకుపోయి ఉంటే సంచిలో నీరు నిలిచి, చీము పట్టి, కోసిన కంటికి ముప్పు తెచ్చేది. ముందు దాని సంగతి చూడాల్సి వచ్చేది. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు కన్ను నలపకూడదన్నారు. కోడలు ఇప్పటినుంచే అలవాటు చేస్తోంది: "అత్తయ్యగారూ, ఆవులింతకు నీళ్ళొస్తే చెంగు కంట్లో పెట్టకండి. బుగ్గ మీదికి జారాక ఈ ఉతికిన గుడ్డతో అద్దుకోండి."