మిల్లీమీటరుగారు

హైదరాబాదులో మే నెల మిట్టమధ్యాహ్నమున, తారురోడ్డు మెత్తబడి చెప్పుల నంటుకొను వేళ, తలుపులు బిగించుకొని, ఫ్యాను ఆపివేసి, అయిదు మిల్లీమీటర్ల మందముగల నల్లని రబ్బరు సూటును కంఠమునుండి చీలమండల వరకు తొడుగుకొని, కుర్చీలో నిటారుగా కూర్చుండి, నిమిషనిమిషమునకు గడియారము చూచుకొను గృహస్థుని మీరెన్నడైన చూచితిరా? చూడనిచో, సముద్రమున మునిగి వచ్చుటకై అండమానుల కేగు మిత్రులెవరును మీకు లేరన్నమాట. ఉన్నచో, ఆ నలుగురిలో ఒకడు ఈయనయే. ఊరికొక పేరుతో, ఊరికొక ఉద్యోగముతో ఈయన సంచరించుచుండును. మా గుంపులో మాత్రము మిల్లీమీటరుగారు.

ప్రయాణమనగానే తక్కినవారు విమానపు టిక్కెట్లను, హేవ్‌లాక్ దీవిలో దొరకు చేపల వేపుడును తలంతురు. 2018లో స్వరాజ్ ద్వీపమని పేరు మారిన ఆ దీవియు, దాని చుట్టునుగల పగడపు దిబ్బలును మిల్లీమీటరుగారికి గౌణములు. ఎవరెన్ని మిల్లీమీటర్లు తొడుగవలెనన్న ధర్మనిర్ణయమే ప్రధానము. ఆ నిర్ణయమునకై ఆయన నెలలు ముందుగానే ఇంటింటికి ఫోను చేసి విచారణ మొదలుపెట్టును.

"బావగారూ, మీరు కార్తీకమాసంలో చన్నీళ్ళు పోసుకుంటారా?"

"ఆ, నెల పొడుగునా పోసుకుంటాను."

"ఏసీ ఎంతలో పెట్టుకుంటారు?"

"ఇరవై నాలుగు. మీ చెల్లెలు మాత్రం ఇరవై ఏడుకు తక్కువైతే దుప్పటి ముసుగేస్తుంది."

"అయితే మీకు రెండున్నర చాలు. షార్టీ, అంటే పొట్టి సూటు, వేసుకోండి. చెల్లెమ్మకు మూడు, పైన హుడ్డు."

వేసవిలోనైనను వేడినీళ్ళు లేనిదే స్నానమాడని వృద్ధమిత్రు డొకనికి ఏడు మిల్లీమీటర్లు విధింపగా, ఆ పెద్దమనిషి ధర విచారించి, ప్రయాణమే మానుకొని, తిరుపతి వెళ్ళి వచ్చెను.

అండమాను నీరు ఏడాది పొడుగునను ఇంచుమించు 27 మొదలు 30 డిగ్రీల వెచ్చదనముతో నుండగా ఈ హడావిడి యేల, బనీనుతో దిగరాదా యని అమాయకముగా నడిగినవానిని ఆయన అంత తేలికగా విడువడు. మన దేహము 37 డిగ్రీలు. నీరు గాలికంటె ఇంచుమించు 25 రెట్లు చురుకుగా ఆ వేడిని లాగివేయును. కావున 28 డిగ్రీల వసారాలో హాయిగా కునుకుతీయు మనుష్యుడే 28 డిగ్రీల సముద్రములో గంటసేపున్నచో వణకును. 1930లో డూపాంట్ కంపెనీ రసాయనవేత్తలు కనిపెట్టిన నియోప్రీన్ రబ్బరును నురుగుగా చేసినపుడు దానిలో చిక్కుపడు అసంఖ్యాకములైన వాయువు బుడగలే చలిని ఆపునవి. మునుగువాడు పొడిగా నుండవలసిన పనిలేదు, ఈ బుడగల పొర యున్న చాలునని 1951 ప్రాంతమున ఊహించి తొలి సూటు రూపొందించిన హ్యూ బ్రాడ్నర్, అంతకుముందు అణుబాంబు నిర్మాణమున పనిచేసిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఈ ఘట్టమున మిల్లీమీటరుగారు చేతులు జోడించును. పిదప గొంతు తగ్గించి అసలు రహస్యము వెల్లడించును: పది మీటర్లు దిగినచో ఒత్తిడి రెండింతలగును, బుడగలు సగమగును, మీరు డబ్బిచ్చి కొన్న మూడు మిల్లీమీటర్లు అక్కడ మూడు కానేకావు!

ఇవన్నియు నిజములే యగుటచేత ఆయనతో వాదించుట కష్టము. ఐనను నన్నడిగినచో, వెచ్చని నీటికి సూటు నెన్నుకొనుటలో మందము రెండవ ప్రశ్న. ఒంటికి అంటిపట్టుకొని యున్నదా లేదా యన్నది మొదటిది. సూటులోనికి నీరు రాక మానదు. వచ్చిన పలుచని పొర లోపలనే నిలిచి దేహతాపముచే వెచ్చబడవలెను. మెడయొద్ద వదులైనచో, కదలినప్పుడెల్ల పాతనీరు పోయి కొత్తనీరు వచ్చుచుండును. అప్పుడెంత మందమైనను చలి తప్పదు. సరిగా పట్టిన మూడు మిల్లీమీటర్ల నిండుసూటు, చలి నంతగా లెక్కచేయనివారికి మోకాళ్ళపైననే ఆగిపోవు షార్టీ, జెల్లీచేప కుట్టకుండ, పగడము గీరకుండ, ఎండ కాల్చకుండ ఒక లైక్రా చొక్కా: అండమానునకు ఇంతకుమించి అక్కరలేదు.

ఇది మిల్లీమీటరుగారు ఎరుగనిది కాదు. కాని ఆయన సూటు విదేశమునుండి సగము ధరకు తెప్పించుకొన్నది. దానిని కత్తిరించినవాడు ఆరడుగుల పొడవుండి బొజ్జ లేని యే ఈతగానినో మనసునందుంచుకొని కత్తిరించెను. అందుచే ముందువైపు ఊపిరాడని బిగువు, వెనుక నడుము వంపులో దోసెడు నీళ్ళు పట్టు ఖాళీ. అద్దెకు తీసికొనరాదా యనిన, "అద్దె సూటు పూర్వాశ్రమం మనకేం తెలుసు?" అనును. నీటిలో దిగిన కొంతసేపటికి లఘుశంక తోచుట దేహధర్మమనియు, దానిని నిగ్రహించుకొనువారు అరుదనియు ఆయన చదివియున్నాడు.

పడవమీద ఆయన సూటు తొడుగుట చూడవలసిన వేడుక. మొదట పాదములకు ప్లాస్టిక్ సంచులు. వానితో కాలు జారి లోనికి పోవును. పిదప, గోరు తగిలిన రబ్బరు చినుగునని, మునివేళ్ళతో అంగుళమంగుళము పైకి జరుపుకొనుట. నడుము వచ్చుసరికి ఇద్దరు మనుష్యులు కావలెను. చిన్న గలీబులోనికి పెద్ద దిండును దూర్చునట్లు ఒకరు పట్టుకొని మరొకరు కుదిపి, వీపున జిప్పు త్రాడు లాగువేళ ఆయన ఊపిరి బిగబట్టి కన్నులు మూసికొనును. దిబ్బ చేరుటకు ఇంకను అరగంట యున్నది, నెత్తిన ఎండ, మిల్లీమీటరుగారు ఆ సూటులో చెమటతో అభ్యంగనమాడుచు చలిని గూర్చి ఉపన్యసించును.

నీటిలో దూకినపిదప ఆ బుడగలు ఆయనను మునుగనీయలేదు. నడుము బెల్టునకు సీసపు బిళ్ళలు రెండు కలిపిరి, తేలెను. మరి రెండు కలిపిరి, అయిష్టముగా మునిగెను. లోతునకు పోయినకొలది ఆయన చెప్పిన శాస్త్రమే ఆయనపై పనిచేయనారంభించెను: బుడగలు నలిగినవి, తేలు గుణము తగ్గినది, సీసము మాత్రము తగ్గలేదు. తక్కినవారు చిలుకచేపలు పగడమును కొరుకుట చూచుచుండగా, ఆయన తేలుటకై తొడిగిన జాకెట్టులోనికి గాలి నింపుచు, తీయుచు, ఇసుకపై మోకాళ్ళూనుచు, టాంకులోని గాలి నందరికంటె ముందుగా ముగించుకొని పైకి వచ్చెను.

అంతమాత్రమున ఆయన ఓడినాడనుకొనరాదు. మాతో దిగిన డైవ్‌మాస్టరు పోర్టుబ్లెయిరులో పుట్టిన తెలుగు కుర్రవాడు. తాతలనాడు శ్రీకాకుళమునుండి ఓడనెక్కి వచ్చిన కుటుంబము. ఆ నీటిలోనే పెరిగినవాడు గదా, ఒట్టి చొక్కాతో దిగునని మేమనుకొంటిమి. వాడు నిండుసూటు తొడిగి, దాని లోపల టోపీతో కూడిన మరొక చొక్కాయు తొడిగి వచ్చెను.

"ఏం బాబూ, నీకూ చలేనా?"

"మీరు రెండ్రోజులుండి పోతారు సార్. నేను సీజనంతా రోజూ మూడుసార్లు దిగాలి. చలి ఒంట్లో మిగిలిపోద్ది."

ఆ మాట విని మిల్లీమీటరుగారు మా ముఖములను ఒక్కొక్కటిగా తీరికగా పరికించెను. నాటి మూడవ డైవు తరువాత, షార్టీ తొడిగిన బావగారి పెదవులు నల్లబడి పళ్ళు టకటక కొట్టుకొనుచుండగా, తువాలు కప్పుటకును టీ అందించుటకును ముందే, "రెండున్నర అన్నది మొదటి రెండు డైవులకే" నని తీర్పు సవరించెను.

ఇక తిరుగు ప్రయాణము. సూటు ఎంత మందమైన అంత ఆలస్యముగా ఆరును. ఎండలో వేసిన రబ్బరు చెడునని ఆయన నీడననే ఆరవేసెను. ఆ రాత్రి వాన కురిసెను. విమానాశ్రయమున తూచగా పెట్టె మూడు కిలోలు ఎక్కువ తూగినది. కౌంటరులోని పిల్ల పేరుబిళ్ళ చూచి మనవారి అమ్మాయియే యని గ్రహించి, వెనుక వరుసలో నలుబదిమంది నిలిచియుండగా, ఆయన నియోప్రీన్ స్వభావమును మొదటినుండి వివరించి, చివరకిట్లనెను:

"కాబట్టి ఆ మూడు కిలోలూ సూటువి కావమ్మా, నీళ్ళవి. రేపు ఆరితే ఉండవు."

"అయితే నీళ్ళకే కట్టండి సార్. కార్డా, క్యాషా?"