‘నా సిస్టమ్‌ల మంచిగనే నడిచింది’ అనే మాటకు బహిరంగ లేఖ

ఓ మాటా,

నిజామాబాద్‌లో మా కంప్యూటర్ ల్యాబ్‌లో ప్రాక్టికల్స్ రోజున అందరికంటే ముందు వినబడేది నువ్వే. “ఇంట్ల నా సిస్టమ్‌ల మంచిగనే నడిచింది మేడమ్!” ఆ పిల్లలు అబద్ధమాడరు. నీ మీద నాకింత కోపం అందుకే.

మొన్న బోధన్ దగ్గరి పల్లె నుంచి వచ్చే అమ్మాయిని పట్టుకున్నావు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక వాళ్ల చెరకు దూరపు మిల్లులకు పోతోంది. ఏ లోడు ఎన్ని టన్నులు తూగింది, పైసలెంత వచ్చాయి, బాకీ ఎంత... తూకం చీటీలన్నీ లెక్కగట్టే ప్రోగ్రాం రాసింది. ఆమె ల్యాప్‌టాప్‌లో పైథాన్ 3.11, మా ల్యాబ్‌లో 3.6. ఆమె ప్రోగ్రాంకు కావాల్సిన ఫ్లాస్క్ లైబ్రరీ ఇక్కడ అసలే లేదు. తెర మీద ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అని పడింది. పరీక్షకు వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గారు పక్క సిస్టమ్‌కు వెళ్లిపోయారు. ఆరు నెలల పనికి మార్కులు నువ్వు తిన్నావు.

నీకు విరుగుడు ఎప్పుడో ఉంది. 2013 మార్చిలో అమెరికాలో జరిగిన పైకాన్ అనే పైథాన్ సభలో సాలమన్ హైక్స్ డాకర్‌ను ఐదు నిమిషాల్లో చూపించాడు. ప్రోగ్రాంను దానికి కావాల్సిన లైబ్రరీలతో సహా కంటెయినర్ అనే ఒక్క డబ్బాలో పెట్టి నడిపే సాధనం అది. దాని పునాది అంతకంటే పాతది. ఒక ప్రోగ్రాంకు పక్కది కనబడకుండా చేసే నేమ్‌స్పేస్‌లు, మెమరీకి, ప్రాసెసర్‌కు హద్దు పెట్టే సీగ్రూప్‌లు 2008 నాటికే లినక్స్ కెర్నెల్‌లో ఉన్నాయి. వర్చువల్ మెషీన్ అయితే ప్రతిదానికీ వేరే ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ కావాలి. కంటెయినర్లన్నీ ఒకే కెర్నెల్‌ను పంచుకుంటాయి.

ఏ పైథాన్, ఏ లైబ్రరీలు, కోడ్ ఎక్కడ, ఏ కమాండ్‌తో మొదలుపెట్టాలి అన్నది డాకర్‌ఫైల్‌లో నాలుగైదు వరుసల్లో రాస్తే కంటెయినర్‌కు అచ్చులాంటి ఇమేజ్ తయారవుతుంది. ల్యాబ్‌లో నెట్ నెమ్మదని సాకు చెప్పకు. ఒక్క సిస్టమ్‌లో తయారుచేసి ‘డాకర్ సేవ్’తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే మిగతావాటిలో ‘డాకర్ లోడ్’ కొడితే చాలు. విండోస్ మీద డాకర్ డెస్క్‌టాప్ మా పాత సిస్టమ్‌లకు బరువు. లినక్స్ వేసి డాకర్ ఇంజిన్ ఒక్కటే పెట్టడం మేలు. కంటెయినర్‌ను తీసేస్తే అందులో రాసుకున్న డేటా కూడా పోతుంది కాబట్టి చీటీల లెక్కలు కంటెయినర్‌కు బయట ఉండే వాల్యూమ్‌లో ఉంచమని ఆ అమ్మాయికి మొదటే చెప్పాను.

హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికాక నేర్చుకుంటారులే అని డాకర్‌ను చెప్పకుండా వదిలేయడం అన్యాయం. మా దగ్గర రెండో ఏడాదిలోనే చెబుతున్నాం. వచ్చే ప్రాక్టికల్స్‌కు రికార్డు బుక్కుతో పాటు డాకర్‌ఫైల్ కూడా పెట్టాలి. చెరకు లెక్కలు ఏ సిస్టమ్‌లో నడిపి చూడాలో ఎక్స్‌టర్నల్ గారినే ఎంచుకోమంటాం.

ఇట్లు,
నిజామాబాద్‌లో ఒక కంప్యూటర్ లెక్చరర్