లడ్డూగారి కొలువు

"సార్, ఇవాళ లడ్డూ ఉంటాడాండీ?"

ప్రొద్దున టెలిఫోను మ్రోగుట తడవుగా ఈ ప్రశ్నయే. నేనుందునా యని యడిగినవారు లేరు. మనస్తత్త్వశాస్త్రమున ఎం.ఏ., ఆపై ఎం.ఫిల్. చదివి, కన్నులకు అద్దములు తెచ్చుకొని, హైదరాబాదు మహానగరమున మూడవ అంతస్తులో గదులు అద్దెకు గైకొని, గుమ్మమునకు బిరుదములతోగూడిన నామఫలకమును వ్రేలాడగట్టిన నేను లోపల నుండుటయు, ఉండకపోవుటయు నెవరికిని పట్టినట్లు లేదు. ఏ విశ్వవిద్యాలయపు గడపయు త్రొక్కని లాబ్రడారు శునకము సెలవులో నున్నదని తెలిసినచో మాత్రము, "అయితే రేపొస్తాంలెండి" యని ఫోను పెట్టివేయుదురు.

కౌన్సెలింగు గదిలో కుక్కను కూర్చుండబెట్టుట నేను కనిపెట్టిన వింత గాదు. వియన్నాలో ఫ్రాయిడు మహాశయుని గదిలో యోఫీ యను చౌ జాతి ఆడకుక్క, వచ్చినవారు తమ స్వప్నములను వెల్లడించుచున్నంతసేపును పండుకొని యుండి, గడువు ముగియగానే లేచి యొడలు విరుచుకొనెడిదట. అందుచే నాయనకు గడియారము చూడవలసిన పని తప్పెడిదట. అటుపిమ్మట అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అను బాలమనస్తత్త్వవేత్త, ఎవరితోను కలియని యొక బాలుడు వేళకు ముందే వచ్చినపుడు, గదిలో యాదృచ్ఛికముగా నున్న తన జింగిల్స్ యను శునకము వానిని నాకుటయు, వాడు దానితో చెలిమిచేసి క్రమముగా తనతోను పలుకనారంభించుటయు గమనించి, 1962లో శునకమును సహచికిత్సకునిగా నిలుపుచు వ్యాసము ప్రకటించెను. తోడి విద్వాంసులు కొందరు నవ్వి, మీ రుసుములో కుక్క వాటా యెంత యని యడిగిరట. వారు హాస్యమున కడిగిరి. నా జమాఖర్చుల పుస్తకమును చూచినవారికి మాత్రము నవ్వు రాదు. ఏటేట రేబీస్ టీకా, మూడేసి మాసములకు పురుగుల మందు, గోళ్లు కత్తిరించు మనిషి, స్నానమునకు వేరు షాంపూ. ఇక ఏప్రిలు మాసమున హైదరాబాదు ఎండకు ఆ శీతదేశపు సంతానము తాళజాలదు గనుక ఏసీ. నేనొక్కడనే యున్న దినములలో పంకాయే గతి.

ఇంతకంటె దుర్భరమైనది మరియొకటి గలదు. ఒకాయన తన తోడల్లునితోడి యాస్తి తగాదాను సర్వే నంబర్లతో సహా వివరించుచుండగా నాకు ఆవులింత వచ్చినచో అది యవమానము. ఆయన మరల రాడు. లడ్డూ ఆవులించినచో అది శ్రమలక్షణమని శాస్త్రము చెప్పుచున్నది. పెదవులు నాకుకొనుట, మొగము ప్రక్కకు త్రిప్పుకొనుట, ఆవులించుట అను నివి కనబడినంతనే వానిని ఆవలి గదికి గొనిపోయి నీరిచ్చి విశ్రమింపజేయవలెను. ఆ లక్షణములు మూడును సాయంకాలమునకు నాయందును స్ఫుటముగా గోచరించును. నన్ను ఆవలి గదికి గొనిపోవువాడు లేడు.

ఒకనాడు మడి పాటించు వృద్ధురాలొకామె వచ్చి, కొంగు బిగించుకొని, "ఇదేమిటి నాయనా, మనుషులొచ్చే చోట కుక్కను కూర్చోబెట్టావు?" అనెను. ఇట్టి ప్రశ్న కొరకే నేను భారతమును సిద్ధముగా నుంచుకొందును. అందరును ఎత్తుకొను ధర్మరాజు కుక్క నాకు రుచింపదు; ఏలయన నది కుక్కయే గాదు, వేషము వేసికొన్న ధర్మదేవత; వేషధారికి దక్కిన గౌరవమును శునకజాతి ఖాతాలో జమ కట్టుట న్యాయము గాదు. నేను చెప్పునది సరమ యను ఆడకుక్క కథ. నన్నయగారి యాదిపర్వమున తొలి యాశ్వాసముననే యున్నది. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా అచటికి వచ్చిన సరమ కొడుకును, కుక్కపిల్లను, రాజుగారి తమ్ములు కొట్టిరి. అది యేడ్చుచు తల్లికడకు పోయెను. "నీవేదో తప్పు చేసియే యుందువు" అని తల్లి మొట్టమొదట బిడ్డనే యనుమానించెను; చూచితిరా, నాటి తల్లియు నేటి తల్లియు నొక్క తీరే! హవిస్సువంక చూడనైన లేదని పిల్ల మొఱపెట్టుకొనగా, ఆ తల్లి నేరుగా యాగశాలకు నడచి, నిరపరాధిని ఏల కొట్టితిరని నిలదీసెను. ఎవ్వరును మారుపలుకరైరి. గమనింపుడు: కొట్టుట యొక నేరము, మారుపలుకకుండుట రెండవది, శాపము ఫలించినది రెండవదానివలననే యని నా యభిప్రాయము. పాపము, తప్పైనదమ్మా యని రాజొక్క మాట యనియున్నచో ఆ తల్లి బిడ్డను వెంటబెట్టుకొని యింటికి పోయియుండును. అనలేదు. అనుకొననిచోటినుండి భయము వచ్చునని ఆమె శపించి పోయెను. అంతటి మహారాజునకు ఆ భయము పట్టుకొనెను. ఎచటినుండి వచ్చునో, ఎపుడు వచ్చునో తెలియదు. నాకడకు వచ్చువారిలో సగము మంది బాధ యిదియే గదా! శాంతి చేయింపగల పురోహితుని వెదకుచు ఆయన ఆశ్రమముల వెంట దిరిగి, తుదకు సోమశ్రవసుని సంపాదించుకొనెను. ఆ సోమశ్రవసునకు, ఏ బ్రాహ్మణుడేది యడిగినను కాదనకుండ ఇచ్చివేయు వ్రతమొకటి యుండెను. రాజు దానికి నొప్పుకొనియే వెంట గొనిపోయెను. రుసుము కంటె షరతులు కఠినముగా నుండుట మా వృత్తికి ఆనాటినుండియే యున్న సంప్రదాయమని నా సిద్ధాంతము, దీనికి మరి రెండు నిదర్శనములు గలవని నేను మొదలుపెట్టుచుండగా, లడ్డూ లేచి, ముందుకాళ్లు చాచి యొడలు విరుచుకొనెను. గడువు ముగిసినది.

"అది సరే కాని నాయనా, మా కోడలి సంగతి ఎప్పుడు చెప్పమంటావు?" అని ఆమె యడిగెను. నాకేసి కాదు, వానికేసి చూచి యడిగెను. ఆ మరుసటి వారమునుండి ఆమె మడి విషయమున పట్టు సడలించి, చెప్పవలసినదంతయు వానికే చెప్పుకొని పోవుచున్నది.

నవ్వులకేమి గాని, ఒక్క మాట చెప్పవలెను. ఊరు పేరు చెప్పరాదు గనుక చెప్పను. వసతిగృహముననుండి ఇంటర్మీడియటు చదువుచున్న యొక పిల్లవానిని తండ్రి తెచ్చి నా యెదుట కూర్చుండబెట్టి పోవుచుండెడివాడు. వాడు పలుకడు. నేను నేర్చిన ప్రశ్నలన్నియు నడిగితిని. తిన్నావా, నిద్ర పట్టుచున్నదా, ఎవరైన నేమైన ననిరా. అన్నింటికిని తల యొక్కటే ఆడించెడివాడు. ఒక సాయంకాలము కుర్చీ దిగి నేలపై చతికిలబడి, లడ్డూ మెడ చుట్టును చేయి వేసి, వాని చెవిలో, "నాకు ఇంటికెళ్లాలనుందిరా" అనెను. నేను కాగితముపై నేమో వ్రాయుచున్నట్లు నటించితిని. ఆ మాట నాకు వినబడినది. నాతో చెప్పినది మాత్రము గాదు. ఆ తండ్రి చెడ్డవాడు గాడు, కళాశాలవారును రాక్షసులు గారు. కాని ఆ మాట యెవరికి చెప్పినను మరుక్షణమున బదులు సిద్ధముగా నుండును. ఇంక రెండు నెలలే గదా యని యొకరు, ఫీజు కట్టితిమి గదా యని యొకరు, ఆ కోరిక ఎప్పటినుండి కలుగుచున్నదని నేను. లడ్డూ కడ బదులు లేదు. వాడు చెవి నొకసారి విదిలించి, తలను ఆ పిల్లవాని యొడిలో పెట్టి, అట్లే యుండెను. అటువంటివాడొకడు మనుష్యులలో ఆ పిల్లవానికి దొరకకపోవుట నన్ను చాల దినములు బాధించినది.

ఇక వచ్చువారికొక మనవి. దయచేసి లడ్డూకు బిస్కత్తులు తేవలదు. వాని బరువు మితిమీరినదని పశువైద్యులు కేకలు వేసినది వానిపై గాదు, నాపై. రిక్తహస్తములతో రాజాలమను మర్యాదస్థులున్నచో నాకు తేవచ్చును, చక్కెర లేనివి.