మిద్దె మీది ముద్దాయిలు

నందికొట్కూరులో వాన పడితే పండగ. కాబట్టి టీవీలో బొమ్మ ముక్కలు ముక్కలైనప్పుడల్లా మబ్బు మీద నెపం వేసే భాగ్యం మాకు లేదు. ఉపగ్రహం మీదా నాకు ఫిర్యాదు లేదు. ఫ్రీ డిష్ ఛానళ్లు మోసే జీశాట్-15, 2015 నవంబరులో ఎగిరి, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన, దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున తన పని తాను చేసుకుంటోంది. మా ఊరికది ఆగ్నేయ మూల. పొయ్యి ఉండాల్సిన దిక్కున డిష్షేంటని మా అత్తగారి అభ్యంతరం. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ముద్దాయిలు డిష్షు, దాని ముందు సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బి, కేబులు, దాని కొనల కనెక్టర్లు, సెట్‌టాప్ బాక్సు. విచారణకు వచ్చిన మెకానిక్కు బాక్సులో సిగ్నల్ పేజీ తెరిచాడు. అందులో రెండు గీతలుంటాయి.

"స్ట్రెంత్ తొంభై ఉండాది సార్, సూపరు!"

క్వాలిటీ సున్నా. ఆ గీత వైపు ఆయన చూపే పోలేదు. స్ట్రెంత్ అంత అమాయకపు సాక్షి మరొకటి లేదు. ఎల్‌ఎన్‌బి తన సొంత రొదను కిందికి పంపినా దాన్నీ బలంగానే లెక్కవేస్తుంది. డిష్షును వాటర్ ట్యాంకు వైపు తిప్పినా ఆ గీత నిండుగానే ఉండొచ్చు. రొదలోంచి అసలు సిగ్నల్‌ను బాక్సు ఏరుకోగలుగుతోందా లేదా అన్నది చెప్పేది క్వాలిటీ ఒక్కటే.

ఆ సున్నా కూడా సగం ఛానళ్లకే, మిగతా సగం వస్తాయి. "అవి ఎత్తేసినారు సార్" అని తీర్పిచ్చాడు. నిజానికి నిలువు తరంగాలకు 13 వోల్టులు, అడ్డ తరంగాలకు 18 వోల్టులు బాక్సే కేబులు గుండా పైకి పంపుతుంది. తుప్పుపట్టిన కనెక్టరు మధ్యలో మింగేస్తే, సుంకేసులలో వదిలిన కేసీ కెనాల్ నీళ్లు చివరి ఆయకట్టు రైతుకు అందినట్టే ఎల్‌ఎన్‌బికి అందుతాయి. అది 18ని 13 అనుకుని, అడ్డ తరంగాలను గుమ్మంలోనే ఆపేస్తుంది. ఎల్‌ఎన్‌బి తగిలించి ఉండగానే పై కొన దగ్గర మీటరు పెట్టి చూస్తే గుట్టు తెలిసేది. తీసేసి చూస్తే భారం ఉండదు కనుక 18 నిక్షేపంగా కనబడుతుంది. మీటరేమో ఆయన బండి డిక్కీలో భద్రంగా ఉంది.

న్యాయమైన విచారణ చాలా చిన్నది. బాక్సునూ చిన్న టీవీనీ మిద్దెకెక్కించి, మూరెడు కొత్త కేబులుతో నేరుగా ఎల్‌ఎన్‌బికి కలపాలి. క్వాలిటీ లేస్తే పాత కేబులూ కనెక్టర్లే దోషులు. లేవకపోతే ఎల్‌ఎన్‌బి ఒక్కటే మార్చి చూడాలి, ఆ తర్వాతే బాక్సు. మా మెకానిక్కు ఒకేసారి అన్నీ మార్చేశాడు. బొమ్మ వచ్చింది. అయిదుగురిలో తప్పించుకున్నది డిష్షొక్కటే. దోషి ఎవరో తేలకుండానే మిగతా నలుగురికీ ఉరి, బిల్లు నాకు.

"పాత సామాన్లు మీకెందుకు సార్, చెత్త" అని సంచిలో వేసుకుని పోయాడు.

వెనక వీధి వాళ్లు మర్నాడే కొత్త ఎల్‌ఎన్‌బి పెట్టించారట. దాని మూత మీద ఆకుపచ్చ పెయింటు చుక్క ఉందని మా అత్తగారు చూసి వచ్చారు. పోయిన సంక్రాంతికి మేం మెట్లగది తలుపుకు వేయించిన రంగు అదే.