వరి వేరు గోడు

తన పనితనం మీద వరి వేరుకు గర్వం జాస్తి. సన్నటి కొసల నుంచి మాలిక్, సిట్రిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరుస్తుంది. మట్టి రేణువులు బిగించి పట్టుకున్న భాస్వరాన్ని, ఇనుమును వాటితోనే విడిపించి మొక్కకు అందిస్తుంది. "గింజను మెచ్చుకుంటారు గానీ నా పేరెవరూ ఎత్తరు" అన్నది దాని మొదటి ఫిర్యాదు.

రెండోది అంత చిన్నది కాదు. జపాన్‌లో తొయామా దగ్గర జింజూ నది నీటితో పండే మళ్లలో దాని పూర్వీకులు బతికారు. ఎగువన కమియోకా గనిలో జింకు తీసి వ్యర్థాన్ని నదిలోకి వదిలారు. ఆ నీటితో కాడ్మియం వచ్చి మళ్లలో మేట వేసింది. "నా ఆమ్లానికి తిండేదో విషమేదో తెలియదు, అన్నిటినీ కదిలిస్తుంది" అంటుంది వేరు. సిట్రిక్ ఆమ్లం గట్టిగా పట్టుకున్న కాడ్మియం లోపలికి రావడం కష్టమే. విడిగా నీటిలో కలిసినప్పుడే ముప్పు. మాంగనీసు కోసం వేరు తెరిచి ఉంచిన దారినే అదీ దూరిపోతుంది.

ఆ అన్నం ఏళ్ల తరబడి తిన్న ఆడవాళ్లకు, ముఖ్యంగా ఎక్కువ కాన్పులై నడివయసు దాటినవాళ్లకు, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఎముకలు గుల్లబారాయి. దగ్గితే పక్కటెముకలు విరిగేవి. ఇతాయ్-ఇతాయ్ అనే ఆ జబ్బుకు కాడ్మియమే మూలమని జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో.

తప్పంతా తన మీదికే వస్తే వేరు ఊరుకోదు.

మడిలో నీళ్లు నిలిచి ఉన్నన్నాళ్లూ వేరు మీద ఇటుకరంగు తుప్పు పొర పట్టి ఉంటుంది. గాలి అందని ఆ బురదలో కాడ్మియం గంధకంతో కలిసి కరగకుండా పడి ఉంటుంది. వెన్ను తీశాక తొందరపడి మడి ఆరగడితే ఆ బంధం తెగుతుంది. సరిగ్గా గింజ పాలుపోసుకునే వేళకే విషం వేరుకు అందుతుంది. అందుకే వెన్ను తీయడానికి ముందూ వెనకా మూడేసి వారాలు నీళ్లు నిలపమని అక్కడి రైతులకు చెబుతారు. కానీ అలా నిలిపితే ఆర్సెనిక్ అనే మరో విషం కరిగి పైకొస్తుంది. వేరుకు రెండు వైపులా చిక్కే.

జింజూ లోయలో కలుషిత మట్టిని అడుగున పాతిపెట్టి, పైన మంచి మట్టి పరిచే పని 1979లో మొదలై 2012 దాకా సాగింది.

కోతయ్యాక ధాన్యమూ గడ్డీ గట్టెక్కుతాయి. వేరును మాత్రం కొయ్యకాళ్లతో పాటు దున్నేస్తారు. అది కుళ్లాక, దాచుకున్న కాడ్మియం మళ్లీ అదే మట్టిలో చేరుతుంది. జపాన్‌లో కాడ్మియాన్ని బాగా లాగే చోకోకొకు అనే వరిని కొన్ని మళ్లలో కావాలనే వేశారు. మట్టిని శుభ్రం చేయడమే దాని పని. "పైరు ఏపుగా పెరిగింది. కోసి, పొలం దాటించారు. ఒక్క గింజా కంచంలోకి వెళ్లలేదు" అంటుంది వేరు.